తేనెబండకు ఏ బండి?

నమోదు 1. మంచు 9వ రోజు

ఈ పుస్తకంలో వాతావరణం, మందుల నిల్వ, రోగుల సంఖ్య తప్ప మరేమీ రాయరాదని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. సరే. వాతావరణం: మంచు. మందులు: ఉన్నాయి. రోగులు: ఒకరు. ఇంకా పేజీ అంతా ఖాళీగా ఉంది, చేతిలో కలం ఉంది, బయటికి వెళ్తే నా చెయ్యి నాకే కనబడటం లేదు. కాబట్టి రాస్తున్నాను. జిల్లావాళ్ళు చదివితే చదువుకోనీ.

నా పేరు గెమ్మెలి సుమిత్ర. జోడుమామిడి కొండ కేంద్రంలో పద్నాలుగేళ్ళుగా నర్సును. కేంద్రం అంటే నేనూ, రక్తం కడిగే యంత్రమూ, తూనీగా, తూనీగ రెక్కల మీద కాపురం పెట్టిన ఆరు కోళ్ళూ. తూనీగ మా ఎగిరే అంబులెన్సు. ఎండ ఉన్న రోజుల్లో అరగంటలో పల్లపు ఆసుపత్రికి చేరుస్తుంది. మంచు దిగిందంటే మాత్రం "దారి కనబడుట లేదు, క్షమించండి" అని రెక్కలు ముడుచుకుంటుంది. ఎంత బతిమాలినా కదలదు. మా అమ్మ చిన్నతనంలో మంచు రెండు నెలలే ఉండేదట, కొండ మీదికి తారు రోడ్డు కూడా ఉండేదట. తూనీగలు వచ్చాక రోడ్డును ఎవరూ పట్టించుకోలేదు, అడవి దాన్ని మింగేసింది. మంచేమో ఏడు నెలలకు పెరిగింది.

పొద్దున్నే మంచు చెమ్మను పట్టే వలలు దులిపి నీళ్ళు పట్టాను. యంత్రం ఒక్క పూటకు పది బిందెలు తాగుతుంది. పదింటికి కాసులమ్మ అత్త డోలీ వచ్చింది.

కాసులమ్మ వరసకు నాకు అత్త, ఊరు తేనెబండ. ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్లు, అంతా ఎత్తుపల్లాలు. వయసు యాభై ఎనిమిది. పదకొండేళ్ళ కిందట ఆమె మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. అప్పటి నుంచి మూడు రోజులకోసారి వచ్చి రక్తం కడిగించుకుని, రాత్రి ఇక్కడే పడుకుని, మర్నాడు వెళ్తుంది. తేనెబండలో ఆమెది టీ హోటలు. ఊరంతటికీ టీ పోస్తుంది గాని, తను రెండు గుక్కలకు మించి తాగకూడదు. ఆ కోపమంతా ఎదుటివాళ్ళ మీద చూపిస్తుంది. ఊరికి అది టీతో పాటు దొరికే వస్తువు.

"కోడలా, ఇయ్యాల దారంతా ఒక్కడూ నవ్వలేదే. ముసిలోళ్ళయిపోనారు ఈళ్ళు," అంది డోలీలోంచి దిగుతూ.

మోసేవాళ్ళ పెద్ద మంగులు మావ అరుగు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటున్నాడు. ఒకప్పుడు ముప్పైమంది మోసేవాళ్ళు. ఇప్పుడు పదకొండు. అందరిలోకీ చిన్నవాడికి నలభై ఎనిమిది.

"నాలుగు నెల్లయితే ఎలగో మోసీవోళ్ళం అమ్మీ. ఏడు నెల్లు మావల్ల కాదు," అన్నాడు. మావ ఇలాంటి మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం రేడియోలో జిల్లా రక్షణ అధికారి సత్యవాణి గారు. నేలమీద నడిచే బళ్ళు మూడు పంపుతున్నారు. పరీక్షించి ఒకటి ఉంచుకోవాలి. ముప్పయ్యో రోజున ఒక్క పూట తెరపి వస్తుందని వాతావరణం వాళ్ళు చెప్పారట. ఆ పూట కింది నుంచి తూనీగ వస్తుంది. అప్పటికి ఏ బండీ పనికిరాదని తేలితే, కాసులమ్మను అందులో పల్లపు వసతి గృహానికి తీసుకుపోతారు. మంచు విడిచేదాకా అక్కడే.

అత్తకు చెప్పాను. ఆమె తిట్టకుండా కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. దానికే నాకు భయమేసింది.

"కింద ఎవులున్నారే నాకు? ఎవుల్ని తిట్టుకోవాల?" అంది.

నమోదు 2. మంచు 11వ రోజు

బళ్ళు వచ్చాయి. మూడూ తమంతట తామే కొండెక్కాయి, మూడో దానితో మాత్రం ఒక మనిషి వచ్చాడు.

మొదటిది ఆరుచక్రాలది. తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంది. లోపల దీపాలు, పరుపు, మనిషి కంటే మర్యాదగా మాట్లాడే గొంతు. రెండోది గొలుసుబండి. చక్రాల బదులు రెండు ఇనుప గొలుసు పట్టాలు, కదిలితే నేల అదురుతుంది. మూడోది నడకబండి. ఎనిమిది కాళ్ళు, పైన తొట్టి, తొట్టిలో పడక. చూడగానే కోళ్ళు తూనీగ దిగి పారిపోయాయి.

నడకబండితో వచ్చినవాడు పైడిరాజు. సముద్రపొడ్డు వాడు, పడవ మీద పుట్టి పడవ మీద పెరిగానని చెప్పుకుంటాడు. నడిస్తే భుజాలు అటూ ఇటూ తూగుతాయి, గట్టి నేల మీద కూడా.

"ఇది సూసి నేర్సుకుంతాది సిస్టరమ్మా. దీనికి దారి ఎవులూ సెప్పక్కర్లేదు. ముందు మనిసి నడుత్తుంటే ఎనకాల నడిసీసి నేర్సీసుకుంతాది. మూడు నెల్లు నేనే నడిపించినాను," అన్నాడు గర్వంగా.

నేను విన్నాను. విని ఊరుకున్నాను. (తర్వాత అంచులో రాసింది: ఆ మాట దగ్గర ఆగి ఉంటే ఈ పుస్తకంలో సగం పేజీలు మిగిలేవి.)

నమోదు 3. మంచు 13వ రోజు

పరీక్షకు పట్టిక తయారు చేశాను. ఎంతసేపట్లో వచ్చింది, దారిలోని వాగును, మా మాటలో గెడ్డను, దాటిందా, పొలాలు పాడుచేసిందా, రోగికి కుదిపేసినట్టు అయిందా. మొదటి మూడూ చూస్తే తెలుస్తాయి. నాలుగోది తెలియాలంటే ఎవరో ఒకరు పడుకోవాలి.

అక్కడ వచ్చింది చిక్కు. తేనెబండ, పులిగెడ్డ, జోడుమామిడి, ఈ మూడూళ్ళలో ఒక కట్టు ఉంది. ఒంట్లో బాగున్న మనిషి డోలీలో పడుకోకూడదు. పడుకుంటే డోలీ ఆ మనిషిని మళ్ళీ పిలుస్తుందంటారు. బండి డోలీ కాదు కదా అని నేనన్నాను.

"రోగిని మోసీదేదైనా డోలీయే," అన్నాడు మంగులు మావ. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది.

పైడిరాజు కూడా పడుకోనన్నాడు. అతనిది ఈ ఊరు కాదు, అయినా ఎందుకొచ్చిన గొడవ అన్నాడు.

నాకు మంచి ఆలోచన వచ్చింది. ఇప్పటికైతే మంచిదే అనిపిస్తోంది. అత్త బరువు యాభై రెండు కిలోలు. అంత బరువు చోళ్ళు, అంటే రాగులు, మూట కట్టి పడక మీద పెట్టాం. దాని మీద అంచుదాకా నీళ్ళు పోసిన కుండ. ప్రయాణం అయ్యాక కుండలో ఎన్ని నీళ్ళు మిగిలితే అన్ని మార్కులు. మూటకు పైడిరాజు బొట్టు కూడా పెట్టాడు.

నమోదు 4. మంచు 16వ రోజు

ఫలితాలు.

ఆరుచక్రాలది కేంద్రం నుంచి మూడు కిలోమీటర్లు హంసలా వెళ్ళింది. తర్వాత ఒక పనస చెట్టు ముందు ఆగి, "దయచేసి ఎదుటనున్న వృక్షమును తొలగించవలెను" అంది. తొలగించలేదు. నలభై నిమిషాలు అలాగే అడిగింది. మంగులు మావ చుట్ట వెలిగించి దాని ముందు కూర్చుని, "నువ్వే సుట్టు తిరిగి ఎల్లొచ్చు కదమ్మా," అని నచ్చజెప్పాడు. తర్వాత గట్టు ఎక్కబోయి పక్కకు ఒరిగింది. కుండలో సగం నీళ్ళు.

గొలుసుబండికి ఏ అడ్డమూ అడ్డం కాదు. గెడ్డను చీల్చుకుంటూ దాటింది. అదే ఊపులో మావ పసుపు మడిని కూడా దాటింది. మావ వాళ్ళ ముగ్గురు అన్నదమ్ములు పదేళ్ళు కట్టుకున్న రాతిగట్టు ఒక్క నిమిషంలో చదును. కుండ పగిలింది కాబట్టి మార్కులు వేయలేదు. మావ కూడా వేయదలచుకున్న మార్కులు వేరే ఉన్నాయి, అవి ఇక్కడ రాయలేను.

నడకబండి తేనెబండ నుంచి గంటా ఇరవై నిమిషాల్లో వచ్చింది. గట్టు మీది గడ్డిపరక నలగలేదు. కుండలో నీళ్ళు బొట్టు తొణకలేదు. నేను మూడుసార్లు వంగి చూశాను. నాకు ఏనుగెక్కినంత సంబరం వేసింది.

వెంటనే రేడియో తీసి, నడకబండికి నూటికి నూరు అని సత్యవాణి గారికి చెప్పేశాను. గడువుకు ఇంకా పద్నాలుగు రోజులుండగానే. ఆవిడ మెచ్చుకున్నారు. మిగతా రెండూ రేపు వెనక్కి వెళ్ళిపోతాయి. వేరే కొండకు కావాలట.

నమోదు 5. మంచు 18వ రోజు

సిగ్గుతో రాస్తున్నాను.

ఇవాళ అత్తను నడకబండిలో తెచ్చాం. తేనెబండంతా ఊరి చివరిదాకా సాగనంపింది. అత్త కొత్త చీర కట్టుకుంది. పైడిరాజు ముందు, బండి వెనక, నేను పక్కన. మొదటి కిలోమీటరు ఆమె బండికి కూడా సలహాలు చెబుతూ వచ్చింది. రెండో కిలోమీటరుకు మాట తగ్గింది. మూడో కిలోమీటరుకు, "కోడలా, ఆపీ," అంది.

మూడుసార్లు వాంతి అయింది. కేంద్రానికి వచ్చేసరికి ముఖం పాలిపోయింది, రక్తపోటు ఎనభైకి పడిపోయింది. పడుకోబెట్టి, గంట ఆగి గాని యంత్రానికి కలపలేకపోయాను. ఇలా నెలకు పదిసార్లు జరిగితే మనిషి మిగలదు. జబ్బు చంపకపోయినా బండి చంపుతుంది.

"అత్తా, బొట్టు నీళ్ళు తొణకలేదు. నేనే చూశాను," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అత్త కళ్ళు మూసుకునే అంది: "ఆ కుండకి కడుపున్నాదేటే?"

నమోదు 6. మంచు 19వ రోజు

పొద్దున్నే అత్త డోలీలో వెళ్ళిపోయింది. పదకొండుమందీ వంతులవారీగా మోసుకుపోయారు. రేడియోలో సత్యవాణి గారికి నా లెక్క తప్పని, బండి పనికిరాదని చెప్పేశాను.

నాకు మొండితనం ఎక్కువ. వాళ్ళు వెళ్ళాక షెడ్డు తలుపులు వేసి, బండి ఎక్కి పడుకున్నాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఒక రోగి చూసే వైపు నుంచి చూశాను. పైడిరాజు వద్దు వద్దంటూనే షెడ్డు చుట్టూ లోపలే నడిపించాడు. మొదటి చుట్టు హాయిగా ఉంది. కుండ నిజమే చెప్పింది, ఒక్క కుదుపు లేదు. కానీ తొట్టి మెల్లగా ఇటు ఒరుగుతుంది, మెల్లగా అటు ఒరుగుతుంది. నీళ్ళు తొణకనంత మెల్లగా. నాలుగో చుట్టుకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఆరో చుట్టుకు కిందికి దూకి, బకెట్ దొరక్క మంచు నీళ్ళ బిందెలోనే కక్కేశాను.

తల ఎత్తితే తలుపు దగ్గర మంగులు మావ. చుట్టల సంచి మరిచిపోయి గెడ్డ దగ్గర నుంచి వెనక్కి వచ్చాడట.

"పడుకున్నావా?"

"పడుకున్నాను మావా."

"ఒంట్లో బాగుండే పడుకున్నావా?"

"ఇప్పుడు బాగులేదు," అన్నాను.

మావకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. తప్పు తప్పే. దానికి దండుగగా మోసేవాళ్ళందరికీ నా చేత్తో టీ కాచి పోయాలి, అదీ కాసులమ్మ హోటల్లో, కాసులమ్మ ముందు. దానికంటే జైలు నయం.

నమోదు 7. మంచు 20వ రోజు

పైడిరాజునూ బండినీ వెంటబెట్టుకుని తేనెబండ వెళ్ళి దండుగ చెల్లించుకున్నాను. నేను కాచిన టీని అత్త రెండు గుక్కలు తాగింది. తన వాటాలో ఇది వృథా అయిపోయిందని పదిమందికీ వినపడేలా చెప్పింది. ప్రాణం కుదుటపడింది. తిడుతోందంటే బాగున్నట్టే.

మావ నా తప్పు సంగతి చెప్పాడు. అత్త పెనం మీద అరిటాకు పరిచి చోడిపిండి అట్టు పెడుతూ విని, అట్టు తిప్పడం మరిచిపోయింది.

"అయితే నువ్వూ కక్కినావా?" అంది. ఎంత సంతోషమో ఆ గొంతులో. "నాను జబ్బుమనిసిని కాబట్టి నాకే అలగుందనుకున్నాను. బండిదే తప్పన్నమాట!"

అప్పుడే పైడిరాజు టీ గ్లాసు పట్టుకుని అటు నుంచి ఇటు వచ్చాడు, భుజాలు తూగుతూ. అత్త అట్లకాడ ఎత్తి ఆగింది.

"బాబూ, మళ్ళీ నడువ్."

నడిచాడు.

"ఓలమ్మో! అదే ఊపు. కోడలా, సూడు. ఇదే ఊపు. బండి ఈ బాబు దగ్గిరే కదా నడక నేర్సుకున్నాది?"

హోటలంతా పైడిరాజు నడకను చూసింది. పాపం, అతను గ్లాసుతో సహా నిలబడిపోయాడు. పదకొండేళ్ళుగా డోలీలో ఊగుతున్న మనిషికి నిమిషంలో తెలిసింది, పట్టిక రాసిన నాకు తెలియలేదు. బండి పడవలా నడుస్తోంది, ఎందుకంటే దానికి నడక నేర్పినవాడు పడవవాడు.

"డోలీలో నీకు వాంతి రాదేం?" అని అడిగాను.

దానికి మావ జవాబు చెప్పాడు. ముందువాళ్ళు కుడికాలు వేస్తే వెనకవాళ్ళు ఎడమకాలు వేస్తారు. మోకాళ్ళు ఎప్పుడూ కొంచెం వంగే ఉంటాయి. అడుగు చిన్నది, వెంటవెంటనే వేయాలి. అందరూ ఒక్కసారి ఒకే కాలు వేస్తే డోలీ ఉయ్యాల అవుతుంది. ఈ సంగతి నేను పుట్టిన ఊళ్ళోనే, నా కళ్ళ ముందే నలభై ఏళ్ళుగా జరుగుతోంది.

"మరి బండికి మీ నడక నేర్పిద్దాం," అన్నాను.

వెంటనే చోళ్ళ మూటను డోలీలో వేసి నలుగురు మోశారు, వెనకాల బండిని నడిపించాం. ఏం లాభం? మూటను మూటలాగే మోశారు. బుట్టలు మోసినట్టు చకచకా వెళ్ళిపోయారు.

"మూటకంత జాగర్తెందుకమ్మీ? కావాలనుకున్నా కాలికి రాదు," అన్నాడు మావ.

ఎవరైనా నిజంగా పడుకోవాలి. బాగున్నవాళ్ళు పడుకోకూడదు. అందరూ నేల చూపులు చూశారు. అత్త అట్టు తిప్పింది. మాడిపోయింది.

"ఏటలగ సూత్తారు? ఈ కొండ మీద పడుకోడానికి హక్కున్నదాన్ని నానొక్కర్తినే కదా. నన్ను మొయ్యండి. ఆ సాలీడుని ఎనకాల రమ్మనండి."

నమోదు 8. మంచు 22వ రోజు

నిన్న పొద్దున డోలీలో అత్తను తేనెబండ నుంచి తెచ్చారు. వెనకాలే నడకబండి, ఖాళీగా, ముందున్న ఎనిమిది కాళ్ళనూ చూస్తూ. పైడిరాజును బండికి కనబడకుండా అందరికంటే వెనక నడవమన్నాం. పాపం, నాలుగు గంటలూ నేరం చేసినవాడిలా నడిచాడు.

ఇవాళ తిరుగు ప్రయాణం. కొంత దారి డోలీలో, మిగతాది బండిలో అని ఒప్పందం. గెడ్డ దగ్గర బండిలోకి మారింది. నా చేతిలో బకెట్. ఒక కిలోమీటరు. రెండు. బకెట్ ఖాళీ. అత్త నోరు మాత్రం ఆగలేదు. నాకు ఎగరాలనిపించింది.

"బాగున్నాది కోడలా. కాని ఎనకెడమ కాలు కుంటుతున్నాది."

చూస్తే నిజమే. వెనక ఎడమ కాలు అడుగడుక్కీ కాస్త ఆగి, కాస్త ఈడుస్తోంది. మంగులు మావ డోలీకి వెనక ఎడమవైపు మోస్తాడు. బండి మావ మోకాలి నొప్పిని కూడా నేర్చేసుకుంది.

అంతేకాదు. పనస చెట్టు దగ్గరికి రాగానే ఆగిపోయింది. చెడిపోయిందేమోనని పైడిరాజు బోనెట్టు తెరిచాడు. ఏమీ కాలేదు. మావ రోజూ చుట్ట కాల్చడానికి ఆగే చోటు అది. సరిగ్గా ఒక చుట్ట కాలేంతసేపు ఆగి, దానంతట అదే కదిలింది. అందరం పడీపడీ నవ్వాం. మావ కూడా నవ్వాడు, మోకాలు చూసుకుంటూ నవ్వాడు.

నమోదు 9. మంచు 24వ రోజు

ఇవాళ మళ్ళీ డోలీ ముందు, బండి వెనక. తేనెబండలో డోలీ ఎత్తబోతుండగా మంగులు మావ పక్కకు తప్పుకున్నాడు.

"నా మోకాలు దీనికి నేర్పొద్దు. ఎనకెడమ సిన్నబ్బి ఎత్తుతాడు," అన్నాడు, అందరిలోకీ చిన్నవాణ్ణి చూపిస్తూ.

ముప్పై ఎనిమిదేళ్ళలో మావ డోలీ కర్ర పట్టకుండా ఆ దారిన నడవడం ఇదే మొదలు. పక్కన నడుస్తూ అడుగు అందరికీ గుర్తు చేస్తూ వచ్చాడు. దారి సగమయ్యాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"భుజం తేలికైపోతే నడకే రావట్లేదమ్మీ."

 నా మందుల సంచి తీసి ఆయన భుజానికి తగిలించాను. తీసుకున్నాడు.

పనస చెట్టు దగ్గర డోలీ ఆగకుండా వెళ్ళిపోవాలని నేను చెప్పాను, బండి ఆ అలవాటు మరిచిపోవాలని. అత్త డోలీలోంచి అరిచింది: "ఆపండ్రా! ఆ సెట్టు కాడ ఆగకపోతే నా నడుం ఏమైపోవాల? రోగిని నానా, కోడలా?"

ఆగారు. ఆ అలవాటు బండికి అలాగే ఉంచేశాం.

నమోదు 10. మంచు 27వ రోజు

ఇవాళ అసలు ప్రయాణం. మావ ఒక షరతు పెట్టాడు. పులిగెడ్డ దగ్గర భుజంరాయి ఉంది. అక్కడిదాకా మోసే వంతు తేనెబండ భుజానిది, అక్కడి నుంచి పులిగెడ్డ భుజానిది, అది పాత కట్టు; మనుషులు తగ్గాక మొత్తం దారి అందరూ కలిసే మోస్తున్నారు. రోగి నేల తాకకుండా చేతులు మారాలి. దింపేవాళ్ళు "భుజమో!" అంటారు. ఎత్తుకునేవాళ్ళు "పట్టినాం!" అనాలి. అనేదాకా దింపరు.

"రాయి దాకా మా ఊరి భుజమే. అవతల నీ బండి," అన్నాడు మావ.

రాయి దగ్గరికి వచ్చాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే బండి కాళ్ళు నాలుగే కనబడుతున్నాయి. డోలీని తొట్టి ఎత్తుకు లేపారు. మావ గొంతెత్తి, "భుజమో!" అన్నాడు.

ఎవరూ పలకలేదు. పులిగెడ్డ వాళ్ళు నలుగురూ పసుపు ఉడకబెట్టే పనిలో ఉన్నారు, అందుకే బండిని ఇక్కడి నుంచి పెట్టుకున్నాం. బండికి ఆ మాట రాదు. నేను నర్సును, మోసే మనిషిని కాను. కర్ర భుజాల మీద వణుకుతోంది.

"భుజమో!" అన్నాడు మావ మళ్ళీ.

"ఎవులో ఒకలు పలకండ్రా, నడుం పట్టేత్తంది!" అంది అత్త.

"పట్టినాం!"

పైడిరాజు. వెనకాల మంచులోంచి. గొంతు పగిలేలా అరిచాడు, అరిచాక తనే కంగారుపడ్డాడు. మావ ఒక్క క్షణం అతనివైపు చూసి, తల ఊపి, డోలీ తొట్టిలోకి దింపించాడు.

భుజంరాయి నుంచి కేంద్రానికి నలభై నిమిషాలు. పనస చెట్టు దగ్గర చుట్టంత విరామం కలిపి. రక్తపోటు నూట పాతిక. బకెట్‌లో కోడి గుడ్డు పెట్టింది.

నమోదు 11. మంచు 28వ రోజు

అత్త మొత్తం దారి బండిలోనే ఇంటికి చేరింది. ఇంటికి వెళ్ళగానే పొయ్యి రాజేసిందట. నేను సంతోషంగా రేడియో తీశాను. సంతోషం అయిదు నిమిషాలే.

సత్యవాణి గారు మంచివారే, కాని కాగితం మనిషి. "సుమిత్రా, పదహారో రోజున నూటికి నూరు అన్నావు. పందొమ్మిదిన అది తప్పు, బండి పనికిరాదన్నావు. ఇప్పుడు మళ్ళీ బాగుందంటున్నావు. నీ మాట మీద ఒక మనిషి ప్రాణం కొండ మీద ఉంచమంటే నేనెలా ఉంచను? అర్హత ఉన్న మరో పరీక్షకుడి సంతకం కావాలి. ఎల్లుండి నేనే వస్తున్నాను. సంతకం లేకపోతే ఆమెను తీసుకెళ్తాను."

తప్పు పట్టలేను. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అందును. అర్హత ఉన్న పరీక్షకుణ్ణి రెండు రోజుల్లో ఈ మంచులో ఎక్కడి నుంచి తేను? పైడిరాజు బండి కంపెనీ మనిషి, చెల్లదు. మావకు అర్హత కాగితం లేదు. భుజం మీద కాయలున్నాయి, వాటిని ఎవరు నమోదు చేస్తారు?

నమోదు 12. మంచు 30వ రోజు

నిన్న సాయంత్రమే తేనెబండ వచ్చేశాను. ఇవాళ తెరపి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి మంచు దుప్పటి లాగేసినట్టు పోయింది. నెల రోజుల తర్వాత తేనెబండ ఇళ్ళన్నీ కనిపించాయి. జనం బయటికి వచ్చి ఎండలో బట్టలు ఆరేశారు.

తొమ్మిదింటికి తూనీగ అత్త హోటలు ముందు దిగింది. సత్యవాణి గారు చేతిలో ఫారంతో వచ్చారు. అత్త బట్టల మూట కట్టి గుమ్మంలో పెట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా రాత్రే కట్టుకుందట. ఆ మూట చూసి నాకు ఏడుపొచ్చింది.

"పరీక్షకులెవరు?" అని అడిగారు సత్యవాణి గారు. నేను పైడిరాజును చూశాను, పైడిరాజు మావను చూశాడు. "పోనీ, నేనే ఒకసారి పడుకుని చూస్తాను," అని తొట్టి మీద చెయ్యి వేశారు.

మంగులు మావ అడ్డం వచ్చాడు. "మీకు ఒంట్లో బాగుందేటమ్మా?"

"బాగానే ఉందండి."

"అయితే పడుకోకూడదు."

ఆవిడ నా వైపు చూశారు. కట్టు సంగతి చెప్పాను. చోళ్ళ మూట సంగతి, కుండ సంగతి, నేను బిందెలో కక్కిన సంగతి కూడా చెప్పాను. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది? ఆవిడ నవ్వాపుకుంటూ విని, "మరి దీన్లో పడుకుని చూడగల మనిషి ఈ కొండ మీద ఎవరున్నారు?" అన్నారు.

అన్నాక ఆగిపోయారు. అందరం కాసులమ్మ అత్త వైపు తిరిగాం.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుని ఫారం అందుకుంది. బల్ల మీద పరిచి, నా కలం తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.  నేను భుజం మీదుగా చదివాను.

పరీక్షకుల పేరు: కొర్రా కాసులమ్మ.

అర్హత: పదకొండేళ్ళుగా రోగిని.

అభిప్రాయం: మొదట పడవ. ఇప్పుడు డోలీ. చెట్టు దగ్గర ఆగాలి.

సత్యవాణి గారు రెండుసార్లు చదివారు. రక్తపోటు లెక్కలు అడిగారు, చూపించాను. తర్వాత కింద తన సంతకం పెట్టారు. గుమ్మంలో ఉన్న బట్టల మూటను తనే తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చారు. అత్త ఆవిడను కూర్చోబెట్టి, టీ చల్లారిపోయేదాకా జిల్లా కార్యాలయాన్ని తిట్టింది. ఆవిడ మూడు అట్లు తిన్నారు.

తూనీగ పన్నెండింటికి ఎగిరింది, ఆవిడ ఒక్కరితోనే. ఇవాళ అత్త రక్తం కడిగే రోజు కాబట్టి మేం వెంటనే బయల్దేరాం. దారిలోనే మంచు మళ్ళీ కమ్ముకుంది. పనస చెట్టు దగ్గర బండి ఆగింది. మంగులు మావ నా మందుల సంచి పక్కన పెట్టి చుట్ట వెలిగించాడు.

రేపు మధ్యాహ్నానికి అత్త ఇల్లు చేరుతుంది. అందుకే రేపటి నమోదు ఇప్పుడే రాసేస్తున్నాను, ఈ పుస్తకానికి కావలసినంతే.

వాతావరణం: మంచు. మందులు: ఉన్నాయి. రోగులు: ఒకరు, తన ఇంట్లో.